చిత్రశాల వెనక తలుపు

విరోధి నామ సంవత్సరం, కార్తీక శుద్ధ ఏకాదశి, గురువారం. మధ్యాహ్నం మూడున్నర గంటలకు చలమయ్య మాస్టారు విశ్వవిద్యాలయం చిత్రశాల మెట్ల ముందు ఆటో దిగారు. వకుళ ఎదురువెళ్ళి ఆయన చేతి సంచీ అందుకుంది. వంగి కాళ్ళకు దణ్ణం పెట్టి లేచేసరికి ఆమె కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"దణ్ణం పెట్టినందుకే ఏడిస్తే, ఇంక నేను ఆశీర్వదించేదెలాగమ్మా?" అన్నారాయన.

వకుళ ఆయన దగ్గర కుంచె కడగడం మొదలుకొని బొమ్మ వేయడం దాకా నేర్చుకున్న మనిషి. ఆ చిత్రశాలకు డైరెక్టరై రెండేళ్ళయింది. ఉద్యోగం వచ్చిన రోజున అత్తగారు సుందరమ్మగారు ఆ ఉత్తర్వు దేవుడి దగ్గర పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అందుకేనేమో, వకుళ ఆ హాలును దేవుడి గదిలాగే చూసుకుంది. బొమ్మ మీద ఎంత వెలుగు పడాలో అంతే పడేలా దీపాలు పెట్టించింది. చెప్పులు బయట, మాటలూ బయటే. గుమ్మం పక్కన 'నిశ్శబ్దం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో తానే రాసి తగిలించింది.

ఇంత చేసినా రోజు మొత్తం మీద వచ్చేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళు కూడా ఎండకు తాళలేక వచ్చినవాళ్ళు.

కిందటి సోమవారం రిజిస్ట్రారుగారు వచ్చి హాలంతా కలయతిరిగారు. "చాలా బాగుందమ్మా. ఎవరూ లేరు కాబట్టి ఇంకా బాగుంది" అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళకు చోటు చాలడం లేదట. గురువారం సాయంత్రం ఐదింటికి ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ళు వచ్చి, ఇక్కడ బల్లలు ఎన్ని పడతాయో కొలుచుకుంటారు. ఆ తరువాత బొమ్మలన్నీ కింద గోదాములోకి దింపేయడమే.

అందుకే మాస్టారిని రమ్మంది. ఆఖరిసారిగా ఒక్కసారి చూసి వెళ్ళండి అని ఫోనులో బతిమాలుకుంది.

మాస్టారు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగుతూ నడిచారు. నడిమి గోడ మీద ఆయన బొమ్మే ఉంది. సముద్రపు ఒడ్డున ఒక బెస్తావిడ నెత్తి మీంచి చేపల గంప దించుకుంటూ ఉంటుంది.

"గర్భగుడిలా పెట్టావమ్మా" అన్నారు.

అంత దిగులులోనూ వకుళకు ఒళ్ళు పులకరించింది. "అలాగే అనుకుని పెట్టాను మాస్టారూ. ఏం లాభం? వీళ్ళకు బొమ్మ చూడటమే రాదు. ఉపన్యాసాలు పెట్టించాను. తరగతి తరగతికీ వెళ్ళి రమ్మని చెప్పాను. చూడటం వీళ్ళకెలా నేర్పాలో తెలియడం లేదు. మీరైనా చెప్పండి."

మాస్టారు హాలు చివరిదాకా నడిచి వెళ్ళారు. తరువాత, "ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు.

"కాంటీను హాలు వెనకే ఉందండీ. కానీ భవనం చుట్టూ తిరిగి వెళ్ళాలి. లోవరాజు తెస్తాడు, బయట వరండాలో కూర్చుందాం."

లోవరాజు అక్కడి అటెండరు. అప్పటికే స్టూలు మీంచి లేచాడు.

"మరి ఈ తలుపేమిటి?" అన్నారు మాస్టారు, వెనక గోడ కేసి చూస్తూ.

"అది కాంటీను వైపు తలుపేనండీ. నేను రాకముందు ఆడపిల్లలు హాస్టల్‌కీ కాంటీనుకీ ఇందులోంచే అడ్డంపడి పోయేవారు. చెప్పులు టపటపలాడించుకుంటూ, ఒకటే గోల. నేను వచ్చిన రోజునే తాళం వేయించాను."

"నావి ముసలి మోకాళ్ళమ్మా. అంత చుట్టు తిరగలేను. తాళం తియ్యమను."

గురువు నోరు తెరిచి అడిగితే కాదనేదెలాగ? లోవరాజు తాళం తీశాడు. గడియ వచ్చింది గానీ తలుపు రాలేదు. వానలకు చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. అతను కాలు గోడకు తన్నిపెట్టి లాగుతుంటే అవతలినుంచి ఎవరో ఆడపిల్ల గొంతు వినిపించింది.

"ఎవరండీ లోపల? మేం తొయ్యాలా?"

"తొయ్యండమ్మా, పుణ్యముంటుంది" అన్నారు మాస్టారు.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఎండా, బజ్జీల వాసనా, నలుగురు పిల్లలూ ఒక్కసారే లోపలికొచ్చి పడ్డారు.

"ఇటు హాస్టల్‌కి దారుందా తాతగారూ?"

"ఇదే దగ్గర దారి" అని, ఆయన తీరిగ్గా కాంటీను వైపు వెళ్ళిపోయారు.

నాలుగింటికి క్లాసులు వదిలారు. దగ్గర దారి తెరిచారన్న కబురు పాకడానికి ఎంతసేపు పడుతుంది? ఇటునుంచి అటు కొందరు, అటునుంచి ఇటు కొందరు. అద్దంలా తుడిపించుకున్న గచ్చు మీద చెప్పుల చప్పుడు. కాగితంలో బజ్జీలు తింటూ ఒకమ్మాయి బొమ్మల పక్కనుంచే పోయింది. వకుళ ప్రాణం చివుక్కుమంది. పెదవి మీద వేలు పెట్టి "ష్" అంది. ఆ అమ్మాయి భయపడి అడుగు వేగం పెంచింది. వకుళ రెండోసారి వేలెత్తబోతుంటే మాస్టారు రెండు టీ గ్లాసులతో వచ్చారు.

"ఇవి పట్టుకో. కాలతాయి, జాగ్రత్త" అని రెండూ ఆమె చేతుల్లో పెట్టేశారు. ఉత్తరీయం సర్దుకుంటూ ఓ పక్కన నిలబడ్డారు. తన గ్లాసు మళ్ళీ పుచ్చుకోలేదు.

చిత్రశాల నడిమధ్యన, రెండు చేతుల్లోనూ టీ గ్లాసులతో డైరెక్టరుగారు నిలబడిపోయారు. పెదవి మీద పెట్టుకోవడానికి వేలు మిగల్లేదు.

అప్పుడు గంప బొమ్మ ముందు ఒకమ్మాయి ఆగింది.

"ఒసేయ్, ఇటు రావే. అచ్చం మా పెద్దమ్మేనే. గంప దించుతూ ఇలాగే తిడతా ఉంటాది."

"ఎవర్నే?"

"ఇంకెవర్ని, మా పెదనాన్నని."

పిల్లలు ఘొల్లుమన్నారు. వెనక వస్తున్నవాళ్ళు ఏమిటేమిటంటూ అక్కడే చేరారు. వకుళ కూడా చూసింది. ఆ బొమ్మను ఆమె పదిహేనో ఏటి నుంచి ఎరుగును. రంగుల గురించి, రేఖ గురించి గంటసేపు ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలదు. ఆవిడ నోరు తెరిచి ఉందని ఆవేళే చూసింది.

"మేడమ్, నిజంగానే తిడుతోందా? ఎవర్ని?" అని ఒకమ్మాయి అడిగింది.

ఆ హాల్లో ఎవరూ అడగమనకుండా వచ్చిన మొదటి ప్రశ్న అది. వకుళ గ్లాసులు పట్టుకునే మాస్టారి వైపు తిరిగింది.

"నన్నే" అన్నారాయన. "గంప దించుకోనివ్వకుండా ఎండలో నిలబెట్టి బొమ్మ వేస్తుంటే తిట్టదూ మరి?"

ఇంక ఆ నవ్వులు ఆగలేదు. వకుళ కూడా నవ్వింది. చేతుల్లో టీ తొణికి గచ్చు మీద పడింది. ఆమె దాన్ని చూసి కూడా తుడవమనలేదు.

ఐదింటికి ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ళు ఇద్దరు టేపు పట్టుకుని వచ్చారు. ఒకతను ముందు గుమ్మం దగ్గర కొస పట్టుకున్నాడు. రెండో అతను టేపు లాక్కుంటూ నాలుగడుగులు వేశాడో లేదో పిల్లల కాళ్ళకు చుట్టుకుంది. ఒకమ్మాయి దాన్ని తాడాటలా గెంతి దాటింది. జరగండమ్మా, జరగండమ్మా అంటూ వెళ్ళిన మనిషి గంప బొమ్మ దగ్గరికి చేరి, అక్కడే ఆగిపోయాడు.

"ఇది మా వైపు రేవులా ఉందే" అన్నాడు.

"రావయ్యా" అని గుమ్మం దగ్గరినుంచి మొదటి అతను కేకేశాడు.

బొమ్మ దగ్గరున్నతను టేపు చుట్టుకుంటూ వకుళ దగ్గరికొచ్చాడు. "మేడమ్, ఖాళీ హాలని మాకు చెప్పారండీ. ఇంతమంది మధ్యన బల్లలెక్కడ వేస్తాం? రిజిస్ట్రారుగారికి అదే చెప్తాం. ఖాళీ అయితే కబురు పంపండి, వస్తాం."

"అలాగే నాయనా. ఖాళీ అయితే తప్పకుండా పంపుతుంది" అన్నారు మాస్టారు.

జనం కాస్త పలచబడ్డాక వకుళకు చేతుల్లో గ్లాసులు గుర్తొచ్చాయి. ఒకటి ఆయన ముందుకు చాపి నొచ్చుకుంది.

"అయ్యో మాస్టారూ, మీ టీ చల్లారిపోయింది. ఇంకోటి తెప్పిస్తాను."

"నాకెందుకమ్మా టీ" అన్నారు చలమయ్య మాస్టారు. "పొద్దుటినుంచీ మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఏకాదశి కదూ."

వకుళ ఆ గ్లాసు కేసీ, తెరిచి ఉన్న వెనక తలుపు కేసీ చూసింది.

ఆ రాత్రి మాస్టారు వకుళ ఇంట్లోనే ఉన్నారు. మర్నాడు క్షీరాబ్ది ద్వాదశి. ఆ ఇంట్లో పారణ ఎన్నడూ వంటింటి గడప దాటింది కాదు. ఆవేళ మాత్రం సుందరమ్మగారు చీకటితో లేచి తులసికోట దగ్గర దీపాలు పెట్టి, వంట కానిచ్చి, అంతా క్యారేజీల్లో సర్దారు. "కాంటీనులో బల్లలున్నాయన్నావు కదా, పదండి" అన్నారు. వకుళ భర్త పతంజలి ఒక క్యారేజీ అందుకున్నాడు, మాస్టారు నీళ్ళ చెంబు పట్టుకున్నారు.

రెండేళ్ళలో సుందరమ్మగారు చిత్రశాల గుమ్మం ఎక్కలేదు. మాట్లాడకుండా ఉండటం నా వల్ల కాదమ్మా అని తప్పించుకునేవారు. ఆవేళ మెట్ల మీద మొదలుపెట్టిన మాట నడిమి గోడ దాకా ఆపలేదు. గంప బొమ్మ ముందు మటుకు ఆగారు.

"చేపలమ్మా అవి. నిన్న చూసుంటే నీ ఉపవాసం చెడేది" అన్నాడు పతంజలి.

ఆవిడ కొడుకు మాట పట్టించుకోలేదు. బొమ్మకు దగ్గరగా వెళ్ళి, "తల్లీ, మెడ నొప్పెడుతోందా?" అని అడిగారు.

తరువాత అందరూ వెనక తలుపులోంచి దాటి, కాంటీను బల్లల మీద విస్తళ్ళు పరుచుకుని పారణ చేశారు. అటుగా వచ్చిన పిల్లలకు వకుళ తలా కాస్త పులిహోర పెట్టింది.