ఆట వచ్చింది, ఊరు రాలేదు

"ఫార్మాట్ కొట్టనీకి గంట చాలు గదా సార్. వచ్చినోళ్లను కూచోబెట్టి గేమ్ ఆడించేదెందుకు? మనది కంప్యూటర్ల అంగడా, ఆటల అంగడా అని ఎదురంగడోళ్లు నగుతాండారు." ఒక శుక్రవారం ఉండబట్టలేక శిష్యుడు లింగన్న ఖాజా సార్‌ను అడిగేశాడు.

సార్ పద్ధతే అది. ఎవరైనా పాడైన కంప్యూటర్ తెచ్చి, అంతా తుడిచి విండోస్ మళ్లీ ఎక్కించమంటే, ముందు వాళ్ల చేతనే వాళ్ల గేమ్ కాసేపు ఆడించేవాడు. ఆడింది సేవ్ చెయ్యమనేవాడు. ఆ తర్వాత లోపల ఏ మూల ఏ ఫైలు కదిలిందో వెతుక్కుంటూ పోయేవాడు. అది దొరికిందాకా దేన్నీ తుడవనిచ్చేవాడు కాదు.

సార్ టోపీ సర్దుకుని నవ్వాడు. "నమాజుకు యాళయింది. వచ్చినాక మాట్లాడదాంలే లింగా" అని వెళ్లిపోయాడు.

అటు సార్ పోయాడో లేదో, ఇటు ఓబులేసు తాత ఆటోలో కంప్యూటర్ వేసుకుని వచ్చాడు. రిజర్వాయర్ కింద ఊరు మునిగితే కొండ అవతల కాలనీలో సర్కారు ఇల్లిచ్చిన వాళ్లలో ఆయనొకడు. కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందట. అందులో ఉన్నది ఒకే గేమ్, సేద్యం చేసే గేమ్.

"గేమ్ తెరిచి చూపిచ్చేదా నాయనా? సార్ చూస్తాడంట గదా?"

"ఏం వద్దులే తాతా. ఈ వయసులో నీకు ఆటలేంది, మనమళ్లను ఆడించుకోక!"

తాత సిగ్గుపడి నవ్వి బల్ల మీద కూచున్నాడు.

లింగన్న పనికి వంక పెట్టేందుకు లేదు. గేమ్ ఫోల్డర్ మొత్తం బయటి డిస్కులోకి ఎక్కించాడు. ఒకటికి రెండుసార్లు సరిచూశాడు. తుడిచాడు, విండోస్ వేశాడు, గేమ్‌ను మళ్లీ దాని చోట పెట్టాడు. సార్ వచ్చేలోపే అయిపోవాలని, చూసి శభాష్ అనాలని వాడి ఆశ.

"ఏం పోలేదు తాతా. ఉన్నదున్నట్టు ఇచ్చినా, చూసుకో."

గేమ్ తెరుచుకుంది. పాట వచ్చింది. ఆ తర్వాత తెర నిండా పచ్చగడ్డి. ఒక ఇల్లు లేదు, ఒక చెట్టు లేదు.

తాత మౌస్ పట్టుకుని అటు జరిపాడు, ఇటు జరిపాడు. "నేల బాగుండాది నాయనా. ఊరు యాడ?"

"ఏ ఊరు తాతా?"

అప్పుడు చెప్పాడు. మునిగిన ఊరిని ఆయన ఆ గేమ్‌లో మళ్లీ కట్టుకున్నాడు. బావి ఉన్నచోట బావి, అన్న కళ్లం పక్కన తన చేను, వాకిట్లో కానుగచెట్టు. ఇంట్లో భార్యకు మతి నిలవదు.

"దీపాలు పెట్టే యాళకు, ఊరికి పోదాం పా అని ఏడుస్తాది. తెచ్చి దీని ముందర కూచోబెడతా. మా ఇంటిదాకా తిప్పుకొస్తే, అప్పుడు పండుకుంటాది."



ఖాజా సార్ వచ్చి తెర చూడగానే చెప్పులైనా విడవకుండా కూచున్నాడు. ఆడేవాళ్లు సేవ్ చేసుకున్న కష్టం గేమ్ ఫోల్డర్‌లో ఉండదు. వేరే మూల చిన్న ఫైలై దాగి ఉంటుంది. ఆ మూలనే లింగన్న తుడిచేసి, పైన కొత్త విండోస్ పరిచాడు. సార్ తనకు తెలిసిన దారులన్నీ తొక్కాడు. పొద్దు వాలేదాకా వెతికాడు. ఏదీ రాలేదు.

తాత తీగలు చుట్టుకున్నాడు. గడప దగ్గర ఆగి, "ఈ పొద్దు దానికి ఏం చెప్పాల సార్?" అని అడిగాడు. సార్ కంప్యూటర్‌ను ఎత్తి ఆటోలో పెట్టాడు. ఆటో కదిలిపోయింది.

లింగన్న బయటి డిస్కు తెచ్చి సార్ ముందు పెట్టాడు. "నేను ఒక్క ముక్క కూడా పోనీలేదు సార్. గేమంతా ఉన్నదున్నట్టు తిరిగి ఇచ్చినా" అని ఏడ్చాడు.

సార్ షట్టర్ దించుతూ అన్నాడు: "కాలనీలో ఇంటి తాళాలు ఇచ్చినరోజు ఆఫీసరు కూడా ఆయనకు అదే చెప్పుంటాడు లింగా."