గోడ అవతల మూడు కార్లు

మా గురువుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్లు ఆయన వెనకాలే నడవాలి. కోపం ఎలా తగ్గుతుందని ఒకాయన అడిగితే, రైతుబజారుకు తీసుకెళ్లి పచ్చిమిరపకాయలు తుంచమని, సాయంత్రం దాకా కళ్లు నులుముకోకుండా ఉండమని చెప్పారట. అడిగినాయనకు కోపం తగ్గిందో లేదో తెలియదు గాని, ప్రశ్నలు మాత్రం తగ్గాయి.

గురువుగారి పేరు బంగారయ్య. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. విశాఖపట్నంలో, గోపాలపట్నం వైపు, మేడ మీద రెండు గదుల్లో ఉంటారు. శనివారం మధ్యాహ్నాలు కొందరం అక్కడ చేరతాం. ఆయన ఒక శ్లోకం చదివి అర్థం చెబుతారు. ఆపైన ఎవరి గొడవ వాళ్లు విప్పుకుంటారు. ఆ శనివారం నేను విప్పాను.

"గురువుగారూ, మూడు కార్లు చూశాను. పెద్దవి కావు, కాస్త ఎత్తుగా ఉండే ఖరీదైన రకం. ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేదు. ఆరునెలల్నుంచి పోల్చి చూస్తూనే ఉన్నాను. ఏది కొంటే మా సింధూర భయం లేకుండా ఎక్కుతుంది?"

పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన కామేశ్వరం గారు పక్కనే ఉన్నారు. "అమ్మాయ్, ఇక్కడ మోక్షం గురించి అడుగుతారు. మైలేజీ గురించి షోరూంలో అడుగుతారు," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గురువుగారు నవ్వలేదు. "నువ్వు మోక్షం గురించి ఎన్నాళ్లుగానో అడుగుతున్నావు కామేశ్వరం. ఒక్కసారైనా టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లావా? ఆవిడని చెప్పనీ."

చెప్పడానికి ఎక్కువ లేదు. కిందటి కార్తీకంలో నేనూ, మా అమ్మాయి సింధూరా కారులో వస్తూ హనుమంతవాక జంక్షన్ దగ్గర ఎర్రలైటు పడితే ఆగాం. వెనకాల లారీ ఆగలేదు. నాకు ఏమీ కాలేదు. పక్కసీట్లో ఉన్న సింధూరకి భుజం ఎముక విరిగింది. ఎముక అతికింది. కారు అతకలేదు.

అప్పటినుంచి తను కారెక్కదు. కాలేజీకి బస్సులో వెళ్తుంది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడుతుందని పక్క ఫ్లాటావిడ చెప్పింది. ఇంట్లో మూడు మాటలు: "ఊ", "తిన్నాను", "తలుపేసుకో".

అంతకుముందు అలా ఉండేది కాదు. ఆదివారం పూట భీమిలి రోడ్డు మీద ఇద్దరం ఊరికే వెళ్లేవాళ్లం. కాళ్లు డాష్‌బోర్డు మీద పెట్టుకుని, ఒళ్లో తాటిముంజల ఆకు పెట్టుకుని, నోరు మూసేది కాదు. లెక్చరర్ల నడకలు, స్నేహితురాళ్ల అలకలు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, మళ్లీ ఎందుకు మొదలుపెట్టారో. నేను మాట్లాడకపోతే చెయ్యి గిల్లి, "అమ్మా, వింటున్నావా?" అనేది. "రోడ్డు చూసుకోనియ్యవే," అనేదాన్ని. లైటు దగ్గర ఆగినప్పుడు కూడా తను ఒక కథ మధ్యలో ఉంది. హాస్టల్లో ఒక బకెట్ కోసం ఇద్దరమ్మాయిలు పడిన తగువు. అది ఎటు తేలిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాలనిపిస్తుంది. అడగలేను.

మావారు ఓడలో ఇంజనీరు. సిగ్నల్ అందే చోటికి రాగానే, "ఈసారి గట్టిది కొందాం రోహిణీ, బాగా చూసి చెప్పు," అని మెసేజీ పెట్టారు. బాగా చూడటం మొదలుపెట్టాను. పేర్లు నోరు తిరగవు, అంకెలతో కలిసి ఉంటాయి. అందుకని ఇంట్లో రంగులతోనే పిలుచుకున్నాను. ఎదుట ఏదైనా అడ్డమొస్తే తెల్లది తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. నీలందాని ఉక్కు గట్టిదంటారు, కాని వెనక మోకాళ్లు పట్టవు. బూడిదరంగుదానికి చుట్టూ కెమెరాలు. మన బండిని గద్ద ఎగురుతూ చూసినట్టు చూపిస్తాయి. దానికి స్పేరు చక్రం లేదు. భద్రతకి ఇచ్చే నక్షత్రాలు మూడింటికీ అయిదే. షోరూం కుర్రాళ్లు నా ఫోన్ వస్తే చాలు గుర్తుపట్టేస్తారు. ఒకతను విసిగిపోయి, "మేడమ్, ఈ కారు తీసుకుంటే మీరు నడపక్కర్లేదు, అదే మిమ్మల్ని నడిపిస్తుంది," అన్నాడు. వెనకనుంచి లారీ వస్తే ఏం చేస్తుందని అడిగాను. చప్పుడు చేసి చెబుతుందన్నాడు. చెప్పాక ఏం చేస్తుందని అడిగాను. మేనేజరు గారిని పిలిచాడు.

"షోరూంల మాట నమ్మకుండా నేనే పరీక్షలు చూస్తున్నానండీ," అని గురువుగారితో అన్నాను. "లోపల మనిషంత బొమ్మల్ని కూర్చోబెట్టి కారును గోడకేసి కొడతారు. ఏ బొమ్మకి మెడ ఎంత వంగింది, మోకాలికి ఎంత తగిలింది, అన్నీ చూపిస్తారు. సాయంత్రం దీపం పెట్టాక హాల్లో టీవీలో పెట్టుకుని, ఇది తెల్లది, ఇది నీలంది అని పైకే అనుకుంటూ చూస్తాను. ఏదీ వదల్లేదు."

"రోజూనా?"

"రోజూనండీ."

"అప్పుడు పాప ఎక్కడుంటుంది?"

"తన గదిలో చదువుకుంటుంది."

గురువుగారు లేచి చెప్పులు వేసుకున్నారు.

షోరూంకే అనుకున్నాను. ఆటో ఎక్కాక, "మధురవాడ, వీళ్లింటికి," అని డ్రైవరుతో చెప్పారు. షోరూంలు అటు కాదన్నాను. "అవి నువ్వు చూసేశావుగా తల్లీ. చూడంది చూద్దాం," అన్నారు. హనుమంతవాక దగ్గర ఆటో ఆగింది. నేను మెడ తిప్పి వెనక్కి చూశాను. అక్కడ ఎప్పుడూ చూస్తాను; లైటు మారేదాకా చూస్తూనే ఉంటాను. గురువుగారు నా వైపు చూశారు.

ఇంటికొచ్చాం. సింధూర కాలేజీనుంచి ఇంకా రాలేదు. గురువుగారు మజ్జిగ తాగి, సోఫాలో నేను కూర్చునే చోటే కూర్చుని, "రోజూ పెట్టేవి పెట్టు. చప్పుడు రోజూ ఎంతుంటుందో అంతే పెట్టు," అన్నారు. పెట్టాను. పక్కన కూర్చోబోతే వద్దన్నారు.

"నువ్వెళ్లి పాప గదిలో కూర్చో. తలుపు తను ఎలా వేసుకుంటుందో అలా వేసుకో."

"అక్కడినుంచి కనిపించదండీ."

"కనిపించొద్దు."

వెళ్లి మంచం మీద కూర్చున్నాను. ఆ గదిలోకి ఊడవడానికి వెళ్తాను, బట్టలు పెట్టడానికి వెళ్తాను. కూర్చుని చాలాకాలమైంది. మంచం హాలు గోడను ఆనుకుని ఉంటుంది. ఆ గోడకు అటువైపే టీవీ. తలగడ గోడ వైపు లేదు. మంచానికి ఆ చివర, కిటికీ దగ్గర ఉంది. ఎప్పుడు అటు మార్చుకుందో నాకు తెలియదు.

ముందు ఒక మగగొంతు ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆగింది. తరవాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదానిలోంచి, టైర్లు పరుగెత్తుకొస్తున్న సన్నటి చప్పుడు దగ్గరైంది. హాల్లో కూర్చుని ఎన్నోసార్లు చూసిన వీడియోనే. ఎప్పుడు తగులుతుందో నాకు తెలుసు. అయినా తగిలినప్పుడు రెండు చేతులూ చాచి దుప్పటి పట్టుకున్నాను. హాల్లో ఉంటే అది కారు, గోడ, బొమ్మలు. ఇక్కడ ఏ బొమ్మా కనిపించదు. ఆ గొంతు మళ్లీ నెమ్మదిగా మాట్లాడింది. మళ్లీ ఆగింది. ఈసారి పక్కనుంచి కొట్టి చూపిస్తారు. నాకు తెలుసు. లేచి బయటికి వెళ్లిపోదామనుకున్నాను.

వీధితలుపు చప్పుడైంది. బ్యాగు కుర్చీలో పడింది.

"తాతగారూ! మీరొచ్చారేంటి? అమ్మేదీ?"

"లోపలుంది. ఇదేటో పెట్టి వెళ్లింది నాకు. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఏ కారమ్మా ఇది?"

"తెల్లది."

"అటు చూడనేలేదు కదే?"

"చూడక్కర్లేదండీ. తెల్లది రెండుసార్లు మోగుతుంది. ముందు పెద్దది, వెంటనే చిన్నది, వంటింట్లో గిన్నె పడ్డట్టు. నీలందైతే ఒకటే దెబ్బ, బియ్యం బస్తా దించినట్టు. బూడిదరంగుది పర్లేదు గానీ చివర అద్దం రాలుతుంది చూడండి, అది ఎంతకీ ఆగదు. అయిపోయిందనుకుంటాం, ఇంకో ముక్క పడుతుంది."

"మూడింటికీ ఇంత తేడా ఉందా?"

"నాలుగోది కూడా ఉందండీ. అమ్మ అప్పుడప్పుడు పెడుతుంది. దాని రంగు నాకు తెలీదు. అది వస్తే నేను బాత్‌రూంలోకెళ్లి పంపు తిప్పుకుంటాను."

"ఎంచేత?"

బ్యాగు జిప్పు తీసి, మళ్లీ వేసిన చప్పుడైంది.

"అది మా కారులాగే మోగుతుంది."

నేను తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాను. అన్ని మాటలు వరసగా తన నోట విని ఎంత కాలమైందో. అదే గొంతు. మాటల మధ్య ఊపిరి తీసుకోవడం మరిచిపోయి, చివరికొచ్చేసరికి తడబడే అలవాటూ అదే. తలుపు తీస్తే ఆగిపోతుంది. తీయకపోతే ఆ మాటలే ఇంకా వినాలి. ఇంకా వినాలనే ఉంది.

"మరి అమ్మతో చెప్పలేదేం?"

"నాకోసమే కదండీ చూస్తోంది. ఎలా చెప్తాం? ఏదో ఒకటి తేలిపోతే ఆపేస్తుందిలే అనుకున్నాను."

"తేలకపోతే?"

"తేలదు." చిన్నగా నవ్వింది. "మీకు మా అమ్మ సంగతి తెలీదు. జాకెట్టు ముక్క కొనాలంటే జగదాంబ సెంటరంతా తిప్పుతుంది. చివరికి మొదటి షాపుకే తీసుకొస్తుంది."

"అయితే ముందు ఇదెలా ఆపాలో నాకు చూపించు తల్లీ."

టీవీ ఆగింది. ఫ్యాను తిరగడం వినిపించింది. నేను తలుపు తీశాను.

తన గదిలోంచి నేను రావడం సింధూర చూసింది. గురువుగారి వైపు చూసింది. టీవీ వైపు చూసింది. "నువ్వు అక్కడ... మొత్తం విన్నావా?" అంది. ఊ అన్నాను. తను వెళ్లి టీ పెట్టింది. పంచదార డబ్బా ఎక్కడ పెట్టావని వంటింట్లోంచి అరిచింది. పై అరలో అని అరిచాను. అంతే. కాని ఆ అరుపు బాగుంది.

గురువుగారిని ఆటో ఎక్కించడానికి కిందికి వెళ్లాను. ఆ వీడియోలు ఇక పెట్టనన్నాను. ఆయన తలూపారు. మూడింటిలో ఏదైనా ఒకటేలెండి, కళ్లు మూసుకుని ఒకటి కొనేస్తానన్నాను. దానికీ తలూపారు. ఆటో వచ్చింది. ఉండబట్టలేక మళ్లీ మొదటికే వచ్చాను.

"అంతా బాగానే ఉంది గురువుగారూ. కొన్నాక సింధూర ఎక్కుతుందా?"

ఆయన ఆటోలో సర్దుకుని కూర్చున్నారు. రోడ్డు మీద నిలబడి ఉన్న నన్ను కాసేపు చూశారు.

"ఎక్కుతుందిలే. ముందు నువ్వు ఆ పాత కారు దిగు తల్లీ," అన్నారు.