రెండు సంచుల బియ్యం

హెప్సిబాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

పట్నంలో జరిగిన సువార్త కూటాలకు వెళ్ళి, అక్కడ ఒక దొరగారు చెప్పిన మాట విని వచ్చింది. "మా అమెరికా దేశం క్రీస్తు విశ్వాసమనే బండ మీద కట్టబడింది. అందుకే దేవుడు దాన్ని ఇంతగా దీవించాడు" అన్నాడాయన. వింటుంటే ఒళ్ళు పులకరించింది. ఊరికి రాగానే, పై వీధిలోని తన ఇంటి నుంచి కింది వీధికి వెళ్ళి, సాయంత్రపు ప్రార్థనలో ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పింది.

అందరూ ఆమేన్ అన్నారు. జకరయ్య అనలేదు.

యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి, బర్మా అడవుల్లో రోడ్డు పని చేసి వచ్చినవాడు జకరయ్య. తలగుడ్డ తీసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, తప్పయితే మన్నించండి. ఆడ మాతో పాటు ఆ దేశం నల్ల సిపాయిలు రోడ్డేశారు. తెల్లోళ్ళ బల్ల కాడ వాళ్ళకి చోటు లేదు. వాళ్ళ తాతల్ని గొడ్లని అమ్మినట్టు సంతలో అమ్మారంట. అమ్మినోళ్ళు కూడా ఆదివారం గుడికెళ్ళినోళ్ళేనంట. మరి బండ మీద కట్టింది ఏ దేశమమ్మా?"

"కూచోవయ్యా! నీ పటాలం కబుర్లూ నువ్వూను" అని అతని భార్య మార్తమ్మ పంచె పట్టి లాగింది. అందరూ నవ్వారు. హెప్సిబాకు నవ్వు రాలేదు. గబగబా ముగింపు ప్రార్థన చేసేసి ఇంటికి వచ్చేసింది.

వచ్చే ఆదివారం కోత పండుగ. ఆ రోజు సంఘమంతటి ముందు మొదటిసారి వాక్యం చెప్పవలసింది హెప్సిబాయే. ఊళ్ళో బైబిలు స్త్రీగా ఇన్నాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన దీవెనమ్మగారికి మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ పని ఇక ఈ పిల్లకు అప్పగించాలా వద్దా అన్నది ఆ రోజు వాక్యం విన్నాక సంఘ పెద్దలు తేలుస్తారు. పెద్దల్లో పెద్ద ఇస్సాకుగారు హెప్సిబాకు స్వయానా పెదనాన్న. "ఆ దొరగారి మాటే చెప్పమ్మా, బ్రహ్మాండంగా ఉంటుంది" అని ఆయన ముందే అనేశాడు.

శనివారం పొద్దున్నే హెప్సిబా దీవెనమ్మగారి ఇంటికి వెళ్ళింది. ఆవిడ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"అమ్మగారూ, నిజంగా ఆ దేశాన్ని క్రీస్తు విశ్వాసం మీదే కట్టారా? అవునంటే జకరయ్య కళ్ళలోకి చూడలేను. కాదంటే పెదనాన్న ఊరుకోడు. అసలు నిజమేమిటో తెలియకుండా గుడిలో నోరు తెరవలేను. మీరే చెప్పండి."

దీవెనమ్మగారు మరో గింజ తీసి పక్కన పడేశారు.

"పిడికిటి బియ్యం తెచ్చావా?"

"ఇంకా లేదండీ."

"ముందు అది తీసుకురా. రేపు ప్రేమ విందుకు కావాలి కదా."

ఆ ఊరి విశ్వాసుల ఇళ్ళల్లో అదొక అలవాటు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, ఇంటావిడ అందులో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తుంది. ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉన్నా ఆ పిడికెడు తప్పదు. కోత పండుగ రాగానే ఆ కుండలన్నీ దులిపి తెచ్చి, అందరికీ అన్నం వండుతారు. అదే ప్రేమ విందు.

హెప్సిబా రెండు సంచులు తీసుకుని బయలుదేరింది. తెల్ల సంచీతో పై వీధి తిరిగింది. గోనె సంచీతో కింది వీధి తిరిగింది. మార్తమ్మ తన కుండను బోర్లించి, అడుగున తట్టి, చివరి గింజ వరకూ పోసింది. "మా ఆయన మాటకి ఏమీ అనుకోకండమ్మా, ఆయన నోరంతే" అంది. హెప్సిబా ఏమీ అనుకోలేదంటూ తలూపి, గోనె సంచీ మూతి బిగించింది.

వచ్చేసరికి దీవెనమ్మగారు వసారాలో పెద్ద గంప పెట్టుకుని ఉన్నారు. "ఇలా తే" అని తెల్ల సంచీ అందుకుని గంపలో కుమ్మరించారు. గోనె సంచీ కూడా అందుకున్నారు. దాని మూతి విప్పి దాన్నీ అదే గంపలో కుమ్మరించి, రెండు చేతులతో అడుగు దాకా కలిపేశారు.

"అయ్యో అమ్మగారూ! ఏం చేస్తున్నారు? అవి వేరు, ఇవి వేరు!"

ఆ కేకకు పక్కింటి కోళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి.

దీవెనమ్మగారు తలెత్తి ఆమె వంక చూశారు. కోపం లేదు ఆ చూపులో. చేటలో నాలుగు దోసిళ్ళ బియ్యం పోసి హెప్సిబా ముందుకు జరిపారు.

"వేరేనా? అయితే ఏరు."

హెప్సిబా కూర్చుంది. కింది వీధి బియ్యం ముతకవి, ఎర్రవి. పై వీధివి సన్నవి, తెల్లవి. ఎర్రవి ఒక పక్కకు, తెల్లవి ఒక పక్కకు తోస్తూ పోయింది. కాసేపటికి ఆమె వేళ్ళు నెమ్మదించాయి. కోతల కూలికి పోయిన కింది వీధి ఆడవాళ్ళకు ఈసారి సన్న వడ్లే కొలిచారు. పై వీధిలో తమ ఇంట్లోనే, నాన్న పోయినప్పటి నుంచి ముతక బియ్యమే వండుతున్నారు.

"ఇందులో మీ అమ్మ పిడికెడు ఏదే?" దీవెనమ్మగారు మెల్లగా అడిగారు.

హెప్సిబా ఒక ఎర్ర గింజను, ఒక తెల్ల గింజను అరచేతిలో వేసుకుని చూసింది.

పుట్టిన దగ్గర్నుంచీ ప్రేమ విందుకు రెండు పొయ్యిలు వెలగడం చూసింది. ముందు పందిట్లో ఒక వంట, వెనక చెట్టు కింద ఒక వంట. ముందు బంతిలో పై వీధి, వెనక బంతిలో కింది వీధి. రెండు వంటలకూ ఒకే ప్రార్థన. ఇదేమిటని ఎన్నడూ అడగలేదు. అడగాలని తట్టనే లేదు. బియ్యానికి రెండు సంచులు తీసుకెళ్ళమని ఈ పొద్దున తనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

చేటను ఎత్తి బియ్యాన్ని మళ్ళీ గంపలో పోసేసింది. కళ్ళు తుడుచుకుని, కింది వీధికి వెళ్ళి మార్తమ్మను రేపటి వంటకు రమ్మని పిలిచొచ్చింది.

ఆదివారం గుడి నిండిపోయింది. హెప్సిబా లేచి నిలబడింది. ఇస్సాకుగారు మీసం దువ్వుకుంటూ సర్దుకుని కూర్చున్నాడు.

"మొన్న కింది వీధిలో ఒక మాట చెప్పాను" అంది. "విన్న మాటే చెప్పాను, కనుక్కోకుండా చెప్పాను. జకరయ్యగారు అడిగితే జవాబు లేక ప్రార్థనలోకి దూరిపోయాను. ఆ దేశం దేని మీద నిలబడిందో నాకు తెలియదు. మన సంఘం రెండు పొయ్యిల మీద నిలబడిందని నిన్న బియ్యం గంప ముందు తెలిసింది. ప్రభువు నన్ను క్షమించాలి. ఈ రోజు బియ్యం కలిపేశాం. వంట ఒక్కటే."

అంతే చెప్పి కూర్చుంది.

పందిట్లో విస్తళ్ళు వేశారు. అన్నం తెలుపూ ఎరుపూ కలిసిపోయి కనిపిస్తోంది. సన్నవి మెత్తబడ్డాయి, ముతకవి కాస్త పలుకు మీదున్నాయి. పై వీధివాళ్ళు నిలబడే ఉన్నారు. కింది వీధివాళ్ళు అలవాటు కొద్దీ వెనక్కి పోయి కూర్చున్నారు.

"ఎవరినడిగి కలిపావమ్మా?" ఇస్సాకుగారి గొంతు పందిరంతా వినపడింది. "నీకు పని ఇద్దామని మేమనుకుంటుంటే, నువ్వు చేసిన పని ఇదా?"

ఆ బియ్యం కలిపింది దీవెనమ్మగారు. హెప్సిబా ఆవిడ పేరు చెప్పలేదు. పెదనాన్నకు రెండు చేతులూ జోడించి వందనం చేసింది. తన విస్తరి తీసుకుని, మార్తమ్మ వడ్డిస్తున్న వెనక బంతిలోకి నడిచి, బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

మార్తమ్మ కంగారుపడింది. "అమ్మా, మీరు ముందుకెళ్ళి కూచోండి. మీ పెదనాన్నగారు చూస్తున్నారు."

"చూడనీ అక్కా. వడ్డించు."

మార్తమ్మ గరిటెడు అన్నం పెట్టింది. హెప్సిబా కళ్ళు మూసి ప్రార్థించుకుంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఊతకర్ర కనపడింది. దీవెనమ్మగారు ఒక చేత్తో ఆ కర్ర మీద ఆనుకుని, ఇంకో చేత్తో విస్తరి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"కాస్త జరగవే" అన్నారావిడ. "నన్నూ కూర్చోనీ."