తేగలు ఊరేదాకా

“గురువుగారూ, పింఛను ఇప్పుడే మొదలుపెట్టించుకోనా, రెండేళ్లు ఆగనా?”

నార మిల్లులో పనిచేసి, యాభై ఎనిమిదేళ్లు నిండి ఇంటికి వచ్చిన అప్పలనరసయ్య ఈ ప్రశ్న వేయడం అది ఆరో ఆదివారం. చిదంబరయ్యగారు ఆదివారాలు తమ పెరట్లో నలుగురికి తత్త్వం చెప్పేవారు. ఆ ఉదయం వైరాగ్యాన్ని గురించి చెబుతూ మాట మధ్యలో ఆగి, కళ్లు మూసుకున్నారు.

అప్పలనరసయ్య కాగితాలు పరిచాడు. ఆలస్యంగా మొదలుపెడితే నెలనెలా వచ్చేది కొంత పెరుగుతుంది. తన తదనంతరం భార్యకు వచ్చేదీ ఆ మేరకు పెరుగుతుంది.

“నాకోసం కాదండీ. నేను పోయాక మా ఆవిడ వరహాలు ఇబ్బంది పడకూడదని.”

“ఈ రెండేళ్లూ ఇల్లు ఎలా గడుస్తుంది?”

“అది జాకెట్లు కుడుతుంది కదండీ.”

“ఆవిడను అడిగావా?”

“దానికేం తెలుసండీ ఈ లెక్కలు!”

“వచ్చే ఆదివారం ఆవిడను తీసుకురా. ఆ కాగితాలు మాత్రం తేకు.”

మరుసటి ఆదివారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. గురువుగారు ఉపన్యాసం మానేసి, పెరటి మూలనున్న తేగల పాతర తవ్వమన్నారు. తేగలు మొలవడానికి రెండు నెలల కిందట తాటి టెంకలు పాతిపెట్టిన గుంట అది. గురుపత్ని ఉన్న రోజుల్లో ఏటా ఆమె ఈ పాతర వేయించేది. ఆమె పోయాక, ఆ ఇంట్లో తినేవారు లేకపోయినా, ఆయన వేయిస్తూనే ఉన్నారు.

“ఇప్పుడు తవ్వితే ఏముంటుందండీ? ఇంకో నెల ఊరాలి.”

“తవ్వవయ్యా!”

అప్పలనరసయ్య తవ్వాడు. తేగలు చిటికెన వేలంత కూడా లేవు. “చూశారా? నేను చెప్పలేదూ?” అని ఒక్కొక్కదాన్నే ఎత్తి గురువుగారికి చూపించసాగాడు.

ఈలోగా వరహాలమ్మ కత్తి అందుకొని ఒక టెంకను నిలువునా చీల్చింది. లోపల తెల్లగా, నిండుగా బుర్రగుంజు ఉంది. వేలితో పెకలించి నోట్లో వేసుకుంది. ఎవరినీ అడగకుండా రెండో టెంక తీసుకుంది.

“పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఇదే తినడం, బాబుగారూ. మా పాతర ఈయన ముట్టనివ్వరు. తేగ లావెక్కాలంటారు. అది లావెక్కేసరికి టెంకలో గుంజు పాడైపోతుంది.”

“లావు తేగ నీకోసమే కదే!” అన్నాడు భర్త.

“తేగ పీచు నాకు పళ్లలో ఇరుక్కుంటుంది. ఏం కావాలని ఒక్కనాడైనా అడిగారేటి? మోకాళ్లు పట్టేసి మెట్టెక్కలేకపోతున్నాను. ఇంకో రెండేళ్లు మిషను తొక్కమంటారు. అదీ నాకోసమేనట!”

అప్పలనరసయ్య సన్నని తేగలన్నీ ఏరి, మట్టి దులిపి, వరసగా పేర్చాడు. తరువాత గురువుగారి దగ్గరకు జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

“అయితే పింఛను ఎప్పుడు మొదలుపెట్టమంటారండీ?”

గురువుగారు నుదురు పట్టుకున్నారు.

“పక్కన మనిషిని పెట్టుకొని, మళ్లీ నన్నే అడుగుతున్నావు.”