బొంతలకుంట బడికి వచ్చిన పరీక్ష

బొంతలకుంట బడివాళ్ళకి తెలివి ఎక్కువ. ఆ సంగతి వాళ్ళే చెప్పుకుంటారు, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. "పైనుంచి ఏం చెబితే అది అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. ఇంకేం కావాలండీ తెలివికి?" అంటారు హెడ్‌మాస్టరు పుండరీకాక్షం గారు.

ఒకరోజు పైనుంచి కాగితం వచ్చింది. గురువారం టీచర్లకీ, పిల్లలకీ కంప్యూటర్ ఎంత వచ్చో పరీక్షిస్తారట. రాకపోతే బడికిచ్చిన ఆరు కంప్యూటర్లూ పట్టుకుపోయి పక్కూరికి ఇచ్చేస్తారట. హెడ్‌మాస్టరుకి గుండె జారిపోయింది. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. ఆ కంప్యూటర్లంటే అందరికీ అంత ప్రాణం మరి.

కాగితంలో మూడు ముక్కలున్నాయి. కంప్యూటర్లు ఎప్పుడూ కప్పి ఉంచాలి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు. పరీక్షలో ఎవరూ ఎవరికీ సాయం చేయకూడదు.

ఇంకేముంది, అచ్చమాంబ టీచర్ తన పాత పువ్వుల చీర చింపి ఆరు ముసుగులు కుట్టింది.

గురువారం ఆఫీసరు గోవర్ధనం గారు వచ్చారు. పిల్లలు బుద్ధిగా కూర్చుని ముసుగుల మీదే టకటకా కొడుతున్నారు.

"ఏం కనబడుతోందమ్మా?" అని ఒక పిల్లని అడిగారు.

"పువ్వులండీ."

ఆఫీసరు గారు ముసుగులు లాగేశారు. "ఎప్పుడూ కప్పి ఉంచమన్నారు కదండీ!" అని పిల్లలంతా గోలపెట్టారు. ఆయన పట్టించుకోకుండా టీచర్ వైపు తిరిగారు. "మీరు పాస్‌వర్డ్ కొట్టండమ్మా."

"కొట్టనండీ. ఎవరికీ చెప్పకూడదు."

"నాకు చెప్పొద్దమ్మా, కంప్యూటర్‌కి చెప్పండి!"

"మా ఆయనకే చెప్పలేదండీ, దీనికెలా చెబుతాను?"

ఆఫీసరు గారికి ఒళ్ళు మండింది. విసురుగా వెనక్కి తిరిగారు. కాలికి వైరు చుట్టుకుంది. అంతే, దబ్బున బోర్లా పడ్డారు. "అమ్మో నా నడుం! కాస్త చెయ్యందించండయ్యా!"

ఒక్కరూ కదలలేదు. పుండరీకాక్షం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేతులు మాత్రం కట్టుకునే ఉన్నారు. "చూడలేకపోతున్నానండీ. కానీ పరీక్ష జరుగుతోంది. సాయం చేస్తే మా కంప్యూటర్లు పోతాయి."

ఆఫీసరు గారే ఎలాగో బల్ల పట్టుకుని లేచారు. "మీకు సున్నా! అయినా పిల్లల మొహం చూసి ఒక్క అవకాశం ఇస్తున్నాను. పాస్‌వర్డ్ కంప్యూటర్లకి చెప్పొచ్చు, పూచీ నాది. పిల్లలచేత ఊరి గురించి అయిదేసి వాక్యాలు రాయించండి. కాగితాలు పంపారో ఊరుకోను. కంప్యూటర్లో రాసింది రాసినట్టు సాయంత్రానికి నా ఆఫీసులో ఉండాలి. లేదా, అన్నీ పట్టుకుపోతాను!" అని నడుం పట్టుకుని జీపెక్కారు.

ఆయన అటు వెళ్ళగానే అచ్చమాంబ టీచర్ కొంగు అడ్డం పెట్టుకుని, ఆరు కంప్యూటర్లకీ విడివిడిగా గుసగుసగా పాస్‌వర్డ్ చెప్పింది. పిల్లలు వాక్యాలు కొట్టేశారు. తెర మీద ఒక్క ముక్కా కనబడలేదు.

"అదీ మంచిదే, తప్పులు బయటపడవు" అన్నారు హెడ్‌మాస్టరు.

ఇక పంపడం. రాసింది కంప్యూటర్లో ఉంది, కాగితం పనికిరాదు. ఆరు కంప్యూటర్లనీ గడ్డి పరిచి ట్రాలీ ఆటో ఎక్కించారు. పొద్దు వాలకముందే అవి ఆఫీసుకి చేరాయి.

ఆఫీసరు గారు ఫోన్ చేశారు. "ఏంటయ్యా ఇవి?"

"చేరాయాండీ? హమ్మయ్య! ఇంక మా కంప్యూటర్లు పట్టుకుపోరు కదండీ?"

"పట్టుకుపోవడానికి అక్కడ ఏం మిగిలిందయ్యా!"

పుండరీకాక్షం గారు ఫోన్ పెట్టేసి ఎగిరి గంతేశారు. "ఇక పట్టుకుపోరట! గెలిచాం!" పిల్లలు చప్పట్లు కొట్టారు. అచ్చమాంబ టీచర్ అందరికీ బెల్లం ముక్కలు పంచింది.

అయినా పక్కూరివాళ్ళని నమ్మడానికి లేదు. హెడ్‌మాస్టరు కొత్త తాళాలు రెండు కొనుక్కొచ్చి కంప్యూటర్ గదికి వేశారు. గుమ్మానికి అడ్డంగా మంచం వాల్చుకుని, కర్ర పక్కన పెట్టుకుని పడుకున్నారు.

"ఇప్పుడు రమ్మనండి, ఎవడు పట్టుకుపోతాడో చూస్తాను!"