పచ్చడి మెతుకులు

ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా పని చెప్పడం మృత్యుంజయశాస్త్రిగారి అలవాటు. అందుకని శిష్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని మరీ అడిగేవారు. యజ్ఞన్న మాత్రం ఆ రకం కాదు. మహా బుద్ధిమంతుడు, నిఘంటువు మొత్తం నోటికి వచ్చు, లోకజ్ఞానం సున్న.

ఓ గురువారం మధ్యాహ్నం పాఠం నడుమ అడగనే అడిగాడు. "మాటకి అర్థం నిఘంటువులో శుభ్రంగా ఉండగా, అది కాదు, దాని వెనకాల ఇంకోటుందంటారేమిటండీ? ఉన్నదేదో పైకి అనేస్తే సరిపోదూ?"

శాస్త్రిగారు నోరు తెరిచేలోగా యజ్ఞన్న కడుపు గుర్రుమంది.

"ఒరేయ్, ఇవాళ నీ వారం భ్రమరాంబగారింట్లో కదూ? భోజనానికి వెళ్ళలేదేం?"

ఆ రోజుల్లో పరాయి ఊరినుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్ళు ఏడు రోజులూ ఏడిళ్ళలో తినేవారు. గురువారం భ్రమరాంబగారిది. ఆవిడ ఒంటి మనిషి. వారం మొత్తంలో ఆ ఇంట్లో రెండు విస్తళ్ళు లేచేది ఆ ఒక్కరోజే.

"కిందటివారం ఆవిడే అన్నారండి, 'వచ్చేవారం ఏదో పచ్చడి మెతుకులు పడేస్తాలే నాయనా, రా' అని. పాపం, ఇంట్లో ఇబ్బందిగా ఉన్నట్టుంది. కష్టపెట్టడమెందుకని మంచినీళ్ళు తాగి ఊరుకున్నాను."

శాస్త్రిగారు నవ్విన నవ్వుకి చేతిలో ముక్కుపొడుం కాస్తా పుస్తకం మీద పడింది. "ఓరి, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ముందు లే. వెళ్ళి, ఆవిడేమంటుందో విని, ఉన్నదున్నట్టు నాకొచ్చి చెప్పు."

యజ్ఞన్న వెళ్ళేసరికి భ్రమరాంబగారు వీధరుగు మీద కూర్చుని సందు మొగవైపే చూస్తున్నారు. ఎండ నడినెత్తి దాటిపోయింది. ఆవిడింకా మెతుకు ముట్టలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"వచ్చావా! ఎందుకొచ్చావు? పో, మీ శాస్త్రిగారి పుస్తకాలే తిను. ఇంక నా గడప తొక్కావంటే ఊరుకోను!" అని విసురుగా లోపలికి పోయారు.

అయిపోయింది, గురువారం కాస్తా పోయింది అనుకున్నాడు యజ్ఞన్న. ఆకలి సంగతి సరే, అంత మంచి మనిషి మనసు కష్టపెట్టానే అని కళ్ళనీళ్ళు తిరిగాయి. పెద్దావిడ పొమ్మంది గనక వెనక్కి తిరిగాడు కూడా. ఇంతలో చెంబు చప్పుడైంది. చూస్తే గడప పక్కన కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు! లోపల అరిటాకు. ఆకులో ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుత్తివంకాయ, బూరెలు, చిల్లుపెట్టిన బూరెల్లో నెయ్యి. ఓ మూల పచ్చడి కూడా ఉంది లెండి.

యజ్ఞన్న కాళ్ళు కడుక్కుని మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత తెలివైన పని చెయ్యలేదు.

"పిన్నిగారూ, మీరూ వడ్డించుకోండి."

"నోరు మూసుకుని తిను, వెధవా!" అంటూ ఆవిడ మరో రెండు బూరెలు వేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వేశారు.

పొద్దువాలుతుండగా యజ్ఞన్న బరువుగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమందిరా?"

"ఇంక గడప తొక్కద్దన్నారండి."

"మరి వచ్చే గురువారం?"

"పెందరాళే రమ్మన్నారండి."

"ఆ మాట ఎప్పుడందిరా?"

యజ్ఞన్న సిగ్గుపడ్డాడు. "అనలేదండి. బూరెలు వేసేటప్పుడు..."

శాస్త్రిగారు పుస్తకం మీది పొడుం దులిపి, మూసి పక్కన పెట్టారు.

"చాలు. మిగతా పాఠం వచ్చే గురువారం ఆవిడే చెబుతుంది."