కుక్క చెమట కుండకెలా పోయింది

ఒకప్పుడు కుక్కకి ఒళ్లంతా చెమట పట్టేది. నాలుక మాత్రం బుద్ధిగా నోట్లోనే ఉండేది. కుండకి చెమట అంటే ఏమిటో తెలియదు. ఎండాకాలం పొద్దున్నే కుండలో నీళ్లు పోస్తే మధ్యాహ్నానికి కాగిపోయేవి. స్నానానికి బాగానే ఉండేవి గాని, తాగితే దాహం తీరేది కాదు.

ఆ రోజుల్లో కుమ్మరి వీరలచ్చి ఇంట్లో బొల్లిగాడని ఒక కుక్క ఉండేవాడు. వాడికి పట్టినంత చెమట ఇంకే కుక్కకీ పట్టేది కాదు. వాడు కూర్చుని లేస్తే అక్కడ చిన్న మడుగు కట్టేది. వాసన సంగతి చెప్పనక్కర్లేదు.

"ఒరే, అరుగెక్కకు, ఇప్పుడే అలికాను" అని వీరలచ్చి రోజుకి నాలుగుసార్లు తరిమేది. ఇంట్లో వాణ్ణి దగ్గరికి తీసేది ఒక్కతే, వీరలచ్చి మనవరాలు బుల్లెమ్మ. ఐదేళ్ల పిల్ల. వాడి మెడ పట్టుకునే నిద్రపోయేది. అందుకే ఆ పిల్లంటే వాడికి ప్రాణం.

రోహిణి కార్తె వచ్చింది. ఒక మధ్యాహ్నం వీరలచ్చి మట్టి తడిపి, తొక్కి, పెద్ద ముద్ద చేసి, పైన గోనె కప్పి లోపలికి వెళ్లింది. బొల్లిగాడు గోనె కిందకి దూరాడు. చల్లటి మట్టికి పొట్ట ఆనించి సాయంత్రం దాకా కదల్లేదు. వాడికున్న చెమటంతా, బొట్టు మిగలకుండా, మట్టిలోకి దిగిపోయింది.

లేచి చూసుకుంటే ఒళ్లు పొడిపొడిగా ఉంది. వాసన లేదు. దర్జాగా వెళ్లి అరుగు మీద పడుకున్నాడు. వీరలచ్చి కూడా తరమలేదు.

మర్నాడు ఎండెక్కేసరికి ఆ దర్జా కాస్తా దిగిపోయింది. ఒళ్లు లోపల్నించి ఉడికిపోతోంది. చెమట రాదు. వేడి బయటికి పోయే దారి లేక నోరు దానంతటదే తెరుచుకుంది. నాలుక బయటికి జారింది. ఊపిరి హహ్ హహ్ హహ్ మంటూ పరుగులు పెట్టింది.

మట్టి మోసే గాడిద అది చూసింది. "ఏం పనిరా అది?"

"తెలీదు... బావా... దానంతటదే... వస్తోంది."

"నువ్వు రొప్పుతున్నావు" అని గాడిద తేల్చేసింది.

గోడ మీది కాకి ఒప్పుకోలేదు. "రొప్పడం పరిగెత్తినవాళ్లది. వీడు కూర్చునే ఉన్నాడుగా. దీన్ని వగర్చడం అంటారు."

"ఆయాసమేమో" అంది కోడి.

"ఆయాసం ముసలాళ్లకి. నీకేం తెలుసు, నువ్వూరుకో" అంది కాకి.

"పేరు... తర్వాత... పెడుదురుగాని" అన్నాడు బొల్లిగాడు, "ముందు... ఇది ఆగే దారి... చెప్పండి."

గాడిద చెవులూపుతూ ఆలోచించింది. "నీ చెమట మట్టిలో ఉంది. ఆ మట్టి రేపు కుండవుతుంది. కుండ పగలగొడితే నీది నీకొస్తుంది."

వారం గడిచింది. మట్టి సారె ఎక్కింది, ఎండింది, ఆవంలో కాలింది, కొత్త కుండై నిండా నీళ్లతో వంటింటి మూల కూర్చుంది. బొల్లిగాడు మెల్లగా లోపలికి వెళ్లి చూశాడు. కుండ ఒంటి నిండా చెమట. ఆవంలో కాలినందువల్ల కంపు పోయి కమ్మటి మట్టివాసన మిగిలింది గాని, వాడి ముక్కు మోసపోలేదు.

"నాదే" అన్నాడు.

"నీదే, కాదనను" అంది కుండ. "ఒక్క తోపు తొయ్యి. పట్టుకుపో."

వాడు తొయ్యడానికి ముందుకాలెత్తాడు.

అప్పుడే వీరలచ్చి బుల్లెమ్మని భుజాన వేసుకుని లోపలికొచ్చింది. పిల్లకి వడదెబ్బ తగిలింది. కళ్లు మూతలు పడ్డాయి, పెదాలు పగిలాయి. పాత కుండలోని నీళ్లు నోట్లో పోస్తే వేడికి ఉమ్మేసింది. వీరలచ్చి కొత్త కుండలో చెంబు ముంచింది. పిల్ల గుటక వేసింది. ఇంకో గుటక. కళ్లు తెరిచి, "ఇంకా" అంది.

బొల్లిగాడు ఎత్తిన కాలు చప్పుడు కాకుండా దించేశాడు.

"ఏం, వద్దా?" అని గుసగుసగా అడిగింది కుండ.

"వానలు పడ్డాక... తీసుకుంటాలే" అన్నాడు వాడు. ఎండకి వాడి ఒళ్లు కాలిపోతోంది. అయినా ఆ మాట మనసారా అన్నాడు.

కానీ వీరలచ్చి మహా తెలివైంది. నీళ్లు చల్లబడింది ఈ మట్టి వల్లేనని కనిపెట్టి, మిగిలిన ముద్దని పాలకి తోడు వేసినట్టు కొత్త మట్టిలో కలిపింది. అందులోంచి కొంచెం తీసి మళ్లీ కొత్త మట్టిలో కలిపింది. వానలు పడేసరికి ఇంటింటా ఒక కుండ, కుండ కుండకీ బొల్లిగాడి చెమట.

"ఇప్పుడు ఎన్నని పగలగొడతావురా?" అని అడిగింది గాడిద.

"ప్రతి ఇంట్లోనూ... ఒక పిల్లో పిల్లాడో... ఉన్నారు బావా" అన్నాడు బొల్లిగాడు. ఇక ఆ ఊసెత్తలేదు.

అప్పటినుంచే కుండకి చెమట పడుతుంది, కుక్కకి పట్టదు. కాస్త ఎండ తగిలితే చాలు, కుక్క నాలుక బయటేసి రొప్పుతుంది. వగరుస్తుందన్నా సరే, మీ ఇష్టం. మిట్టమధ్యాహ్నం నీళ్లకుండ పక్కన చెమ్మ నేల చూసుకుని పడుకుంటుంది కూడా. దాన్ని తరమకండి. ఆ చల్లదనం దానిదే, మనం తాగుతున్నాం.